మ్ట్వారాకు జీడిపిక్కల కోసం వెళ్ళి

పలాసలో మా జీడి ఫ్యాక్టరీ చిన్నది. ముగ్గురు భాగస్వాములం, ఒక బాయిలరు, కటింగూ పీలింగూ చేసే ఆడవాళ్ళు నలభై మంది. ఉద్దానం పిక్క వేసవిలో వస్తుంది, అది అయిపోయాక ఫ్యాక్టరీ నడవాలంటే ఆఫ్రికా పిక్క కావాల్సిందే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా జీడి తోటల్ని వేళ్ళతో సహా లేపేశాక ఆ అవసరం ఇంకా పెరిగింది. రేవులో దిగిన సరుకు బ్రోకర్ల దగ్గర కొనేవాళ్ళం. ఒక రోజు రాత్రి వాళ్ళు టన్నుకి ఎంత మిగుల్చుకుంటున్నారో లెక్క వేశాం. ముగ్గురికీ నిద్ర పట్టలేదు. మనమే వెళ్ళి కొంటే పోలా అనుకున్నాం. ముగ్గురిలో ఇంగ్లీషు తప్పో ఒప్పో ధైర్యంగా మాట్లాడేది నేనే కాబట్టి నన్ను పంపారు.

అలా 2022 అక్టోబర్‌లో టాంజానియాలో దిగాను. ఎవరో 50 డాలర్ల టూరిస్టు వీసా చాలన్నారు. అదృష్టం బాగుండి ఇంకొకరు ఆపారు. వ్యాపారం మాట్లాడటానికి వెళ్ళేవాడికి వేరే వీసా ఉంది, 250 డాలర్లు, 90 రోజులు. టూరిస్టు వీసా మీద వచ్చి గోడౌన్‌లో పిక్కలు కోస్తూ దొరికితే తిరుగు విమానం ఎక్కించేస్తారు. 200 డాలర్లు మిగుల్చుకోబోయి అక్కడితో కథ ముగించుకునేవాడిని.

జీడి పండే ప్రాంతానికి రేవు పట్టణం మ్ట్వారా. దార్ ఎస్ సలాం నుంచి దక్షిణాన 550 కిలోమీటర్ల పైమాటే. ఆ పేరు పలకడం నాకు చివరిదాకా రాలేదు, ఎంట్వారా అనే అనేవాణ్ణి, వాళ్ళు నవ్వేవాళ్ళు. బస్సులో పోతుంటే చివరి వంద కిలోమీటర్లూ రెండు పక్కలా జీడి చెట్లే. అదే ఎర్ర నేల, అదే వంకర కొమ్మలు, కింద రాలిన పళ్ళ అదే వాసన. పంట మాత్రం తిరగేసి వస్తుంది. మనకు ఎండాకాలంలో, వాళ్ళకు అక్టోబర్ నుంచి జనవరి దాకా. మా ఊరి తోటలో నిలబడ్డట్టే అనిపించింది. ఆ అనిపించడం వల్లే తర్వాత బోలెడు తప్పులు చేశాను.

మొదటి తప్పు రెండో రోజే చేయబోయాను. లాడ్జి దగ్గర ఒక కుర్రాడు పరిచయమై, ఊళ్ళలోకి తీసుకెళ్తాను, రైతు ఇంటి దగ్గరే కొనుక్కోవచ్చు, వేలం ధర కంటే బాగా తక్కువకి ఇప్పిస్తాను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లో నాన్న పండించిన పిక్కలు వాకిట్లోకి వచ్చిన షావుకారే కదా కొనుక్కెళ్ళేది! మేం ఎవరి కంపెనీ పేరు మీద కొనాలని మాట్లాడుకున్నామో ఆయనకి ఉత్సాహంగా ఫోన్ చేసి చెప్పాను. ఆయనది మూడు తరాల కింద కచ్ నుంచి వచ్చిన కుటుంబం, పుట్టుకతో టాంజానియా పౌరుడు. నేను భాయ్ అనేవాణ్ణి. ఆయన ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత హిందీలో, "ఇంకోసారి ఈ మాట నీ నోట వింటే నీకూ నాకూ చెల్లు" అన్నాడు.

అక్కడ దాన్ని కంగొంబ అంటారు. అవసరానికి డబ్బిచ్చి, తూకంలో కొట్టేసి, రైతు దగ్గర గుట్టుగా కొనడం. అది నేరం. చట్టప్రకారం రైతు తన పిక్కల్ని ఊరి సహకార సంఘానికి ఇవ్వాలి, అక్కడి నుంచి గోడౌన్‌కి వెళ్తాయి, రసీదు వస్తుంది, ఆ తర్వాత వేలం. 2007 నుంచి ఇదే పద్ధతి. కొనేవాడు జీడి బోర్డులో నమోదై ఉండాలి, ధరావతు కట్టాలి. నేను వెళ్ళిన నాటికి సీలు వేసిన కవరులో ధర రాసి పెట్టెలో వేయాల్సి ఉండేది. 2018లో వ్యాపారులు తక్కువ ధర రాస్తున్నారని రైతులు అమ్మనంటే, నవంబర్‌లో అధ్యక్షుడు మగుఫులి ప్రైవేటు కొనుగోళ్ళు ఆపేసి, కిలో 3,300 షిల్లింగులని ప్రకటించి, సైన్యాన్ని లారీలతో దింపాడు. మాకు తిత్లీ వచ్చిన నెలకి అక్కడ అది. "ఆ ఏడాది నేను ఒక్క బస్తా కొనలేదు, ఊళ్ళోకి వెళ్ళి కొనే ధైర్యం కూడా చేయలేదు" అన్నాడు భాయ్.

భాష దగ్గర నాకు గర్వం ఎక్కువైంది. స్వాహిలిలో లక్షని లాకి అంటారు, బీమాని బీమా అనే అంటారు, దుకాణం దుక, దళారి దలాలి, ఆటో రిక్షా పేరు ఏకంగా బజాజి. ఇంత తెలిసిన భాషే కదా అని ఒకట్లు పదులు నేర్చేసుకున్నాను. మోజ, ఎంబిలి, తాతు. గోడౌన్‌లో గుమస్తాగా ఉన్న అమ్మాయిని దాదా అనాలట, అంటే అక్క. మనం బెంగాలీ వాళ్ళని అన్నయ్య అన్నట్టు పిలిచే మాటతో ఆడపిల్లని పిలవడానికి నాకు వారం పట్టింది. పెద్దవాళ్ళు కనబడితే ముందు "షికమో" అనాలి, అది నమస్కారం కంటే ఎక్కువ, దణ్ణం లాంటిది. వాచ్‌మన్‌కి అలా అనడం మొదలుపెట్టాక గేటు దగ్గర నా నిరీక్షణ సగానికి సగం తగ్గింది.

మొదటి వేలం తండహింబ వైపు. సంఘం ఆవరణలో మామిడి చెట్టు కింద రెండు మూడు వందల మంది రైతులు నేల మీద కూర్చున్నారు. ముందు బల్ల, బల్ల మీద తాళం వేసిన పెట్టె. అంతకు ముందు రోజు గోడౌన్‌కి వెళ్ళి శాంపిల్ తీసి కోసి చూసుకున్నాను. కిలో పిక్కలు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ కత్తెరతో రెండుగా కోసి, మంచి పప్పు, మచ్చ పప్పు, పొల్లు వేరుచేసి తూచాలి. 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్నది అవుట్‌టర్న్. ప్రపంచమంతా ఈ 80 కిలోల బస్తా లెక్కే, మా పలాసలో కూడా అదే. నా కోతలో 50 పౌండ్లు తేలింది. మంచి సరుకు. 1,940 షిల్లింగులు రాసి వేశాను. అప్పట్లో మన రూపాయికి ఇంచుమించు 28 షిల్లింగులు.

పెట్టె తాళం తీసి కవర్లు ఒక్కొక్కటీ విప్పి గట్టిగా చదివారు. నాదే పైన ఉంది. నేను భాయ్ వైపు చూసి నవ్వాను. ఆయన నవ్వలేదు. బల్ల దగ్గరాయన రైతుల్ని ఏదో అడిగాడు. వెనక వరసలో ఒక ముసలామె లేచి నిలబడి నాలుగు మాటలు అంది. అంతే, ఒక్కసారిగా అందరూ చేతులెత్తారు. "ఏమంటున్నారు?" అన్నాను. "వద్దంటున్నారు" అన్నాడు భాయ్. పెట్టె మూసేశారు, అందరూ లేచి మట్టి దులుపుకుని వెళ్ళిపోయారు. పక్కనే ఒక బామ్మ వేరుశనగలు అమ్ముకుంటోంది. వచ్చిన దారి ఖర్చు దండగయినందుకు నాకు ఒళ్ళు మండుతుంటే, ఒక పొట్లం కొనుక్కుని బండి ఎక్కాను.

ఆ సరుకు పై వారం వేలానికి మళ్ళీ వచ్చింది, ఆ మధ్యలో సంఘాల నుంచి వచ్చిన కొత్త బస్తాలతో కలిపి. ఆ వారంలో వాన కూడా పడింది. మళ్ళీ శాంపిల్ చూసుకోవాలి. గోడౌన్ దాదా ఫోన్‌లో, రేపు "సా తాతు"కి రండి అంది. తాతు అంటే మూడు, నాకొచ్చు కదా! మధ్యాహ్నం మూడింటికి ముందుగానే భోజనం చేసి, కత్తెర జేబులో పెట్టుకుని ఠంచనుగా వెళ్ళాను. గోడౌన్‌కి తాళం. వాచ్‌మన్ మామ నన్ను చూసి జాలిపడ్డాడు. వాళ్ళకి గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క. మన ఏడు గంటలు వాళ్ళకి ఒకటి. తాతు అంటే పొద్దున తొమ్మిది. మిగతా కొనుగోలుదార్లందరూ వచ్చి కోసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడే వేలం. కోసి చూడకుండా రాయకూడదని మా ఫ్యాక్టరీలో పీలింగ్ చేసే అమ్మాయికి కూడా తెలుసు. కానీ వచ్చి మూడు వారాలైంది, పలాస నుంచి రోజుకి రెండుసార్లు ఫోన్, అక్కడ ఫ్యాక్టరీ ఖాళీ. పోయిన వారం సరుకే కదా, వంద టన్నుల్లో కొత్తవి ఎన్నుంటాయిలే అని 2,060 రాశాను. ఈసారి చేతులు లేవలేదు. వంద టన్నులు మావయ్యాయి.

డబ్బు కట్టడానికి గడువు శనివారం. సగం పైన ముందే పంపించాం, ఇంకా ఎనిమిది కోట్ల షిల్లింగులు రావాలి. మా వాళ్ళు గురువారం పొద్దునే పలాస బ్యాంకు నుంచి పంపారు. డాలర్లలో పంపే సొమ్ము ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళినా అమెరికా బ్యాంకు గుండా పోవాలి. ఆ గురువారం 2022 నవంబర్ 24, వాళ్ళకి థ్యాంక్స్‌గివింగ్ సెలవు. ఆ పేరే నేను అంతకు ముందు వినలేదు. పలాసలో బయల్దేరి మ్ట్వారా రావాల్సిన డబ్బు ఎవరిదో కోడి పండగ అయ్యేదాకా న్యూయార్క్‌లో కూర్చుంది. శుక్రవారం కదిలినా ఇక్కడ ఖాతాలో పడేది సోమవారమే. గడువు దాటితే ధరావతు పోతుంది, సరుకు పోతుంది, భాయ్ కంపెనీ పేరూ పోతుంది.

శుక్రవారం రాత్రంతా నాకు బీపీ వచ్చినంత టెన్షన్. శనివారం పొద్దున భాయ్ ఆఫీసుకి వెళ్తే, ఆయన టీ తాగుతూ "కట్టేశాను" అన్నాడు. ఆయన బావమరిది హార్డ్‌వేర్ కొట్టు నుంచి కొంత, వాళ్ళ కులపెద్ద దగ్గర కొంత. కాగితం రాయలేదు, వడ్డీ మాట ఎత్తలేదు. సోమవారం మా డబ్బు వచ్చాక తీసుకున్నాడు, టన్నుకి మాట్లాడుకున్న కమిషన్ మాత్రం ఒక్క షిల్లింగు తగ్గించలేదు. అది లేకపోతే నేను ఇప్పుడు ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు, కోర్టు చుట్టూ తిరుగుతూ ఉండేవాణ్ణి.

ఆ తర్వాత ముడి పిక్కల మీద ఎగుమతి సుంకం. విలువలో 15 శాతమో, టన్నుకి 160 డాలర్లో, ఏది ఎక్కువైతే అది. మాకు 160 పడింది, అంటే 16,000 డాలర్లు. ముడి సరుకు బయటికి పోకుండా అక్కడే పప్పు తీయాలన్నది వాళ్ళ ఉద్దేశం. 1970లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో మొదలుపెట్టిన పెద్ద పెద్ద జీడి ఫ్యాక్టరీలున్నాయి, చాలావాటిలో మిషన్లు సరిగా నడవనే లేదు, కొన్ని గోడౌన్లయిపోయాయి. అలాంటి ఒకదానిలోనే మా బస్తాలు పెట్టారు. పైకప్పు చూస్తే కళ్ళు తిరిగేంత ఎత్తు. మా నలభై మంది ఆడవాళ్ళని తెచ్చి అక్కడ కూర్చోబెడితే ఒక మూలకి రారు.

కంటైనర్లు దొరకడానికి మూడు వారాలు. నాకు తేమ మీద దిగులు. మీటరు పెడితే కొన్ని బస్తాల్లో 12 శాతం చూపించింది, ఎనిమిది తొమ్మిది ఉండాల్సింది. ఆరబెట్టిస్తానంటే అక్కడి మేనేజరు ఒప్పుకోలేదు, కాగితంలో 9 అని ఉంది కదా అన్నాడు. కాగితంలో అవుట్‌టర్న్ కూడా 50 అనే ఉంది. ఆరు కంటైనర్లు బయల్దేరి విశాఖలో దిగేసరికి ఫిబ్రవరి. మా ఫ్యాక్టరీలో కోస్తే 46. బస్తాకి నాలుగు పౌండ్లు తక్కువ, 1,250 బస్తాలు, ఇంచుమించు 2,270 కిలోల పప్పు గాలికి పోయింది. ఆనాటి ధరకి పన్నెండు లక్షల పైచిలుకు. అందులో ఎంత తేమ వల్ల, ఎంత గోడౌన్ వాళ్ళ వల్ల, ఎంత నా మూడు గంటల వల్ల అన్నది మా భాగస్వాములతో ఇప్పటికీ తేలలేదు.

లంచాల సంగతి అందరూ అడుగుతారు. ఉన్నాయి. "చాయ్" అంటారు, అర్థం అదే. దారిలో రెండుసార్లు ఇచ్చాను. కానీ నేను పోగొట్టుకున్న దాంట్లో అది లెక్కలోకి రాదు. మన దగ్గర వ్యాపారం చేసినవాడికి అది కొత్త కూడా కాదు. కొత్త ఏమిటంటే, ఎవరికి ఎప్పుడు ఇవ్వకూడదో తెలియకపోవడం. ఒక ఆఫీసులో మర్యాదకి స్వీటు పొట్లం ఇవ్వబోతే ఆ అధికారిణి కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. చెమటలు పట్టాయి నాకు.

రెండో ఏడాది మా పేరు మీదే కంపెనీ పెట్టాలనుకున్నాం. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అనుకున్నదానికంటే త్వరగా అయింది. ఆ తర్వాత గొలుసు మొదలు. పన్ను నంబరుకి ఆఫీసు అద్దె ఒప్పందం కావాలి, ఆ ఒప్పందానికి స్టాంపు డ్యూటీ కట్టాలి, ఆ వీధి పెద్ద నుంచి ఉత్తరం కావాలి. లైసెన్సుకి పన్ను క్లియరెన్సు కావాలి. ఇంకా ఒక్క పిక్క కొనకముందే ఆదాయం ఎంతుంటుందో అంచనా రాసివ్వమన్నారు. గోడౌన్‌కి స్థలం కొనే ఆలోచనే పెట్టుకోవద్దన్నాడు లాయరు. భూమి అంతా దేశానిది, విదేశీయుడికి పెట్టుబడి సంస్థ ద్వారానే హక్కు వస్తుంది, ఆ సర్టిఫికెట్టుకి కనీసం 5 లక్షల డాలర్ల పెట్టుబడి చూపించాలి. మా ముగ్గురి ఇళ్ళూ ఫ్యాక్టరీ కలిపి అమ్మినా అంత రాదు.

వీధి పెద్ద ఆఫీసు చిన్న గది. ఆయన ఉత్తరం చేత్తో రాసి, ముద్ర వేయబోతే ఇంకుప్యాడు ఎండిపోయి ఉంది. సీసాలోంచి రెండు చుక్కలు నీళ్ళు పోసి, వేలితో అద్ది, గట్టిగా నొక్కాడు. ముద్ర మసకగా పడింది. దాని మీదే ఇంకోసారి నొక్కాడు. ఇప్పుడు రెండు ముద్రలు ఒకదాని మీద ఒకటి, నీలం మబ్బులా. మేం ఇద్దరం దాన్ని చూసి నవ్వుకున్నాం. తర్వాతి ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. "ముద్ర కనబడటం లేదు, న్జో కెషో." రేపు రండి. రేపు వెళ్తే సిస్టమ్ డౌన్, ఎల్లుండి వెళ్తే ఆ సీటాయన ఊళ్ళో లేడు. ఆ మబ్బు ముద్ర నాకు పదకొండు రోజులు ఖర్చు.

అన్నీ చేతికొచ్చేసరికి, పిక్కలన్నీ మ్ట్వారా రేవు నుంచే పోవాలి, లారీల్లో దార్ ఎస్ సలాంకి తీసుకెళ్ళడం కుదరదని ప్రభుత్వం చెప్పింది. ఆ రేవు జనానికి పని దొరకాలని. సబబే. కానీ వచ్చే ఓడలు తక్కువ, ఖాళీ కంటైనర్ల కోసం కొట్లాట. పెద్ద కంపెనీలు ముందే బుక్ చేసుకున్నాయి. మేం రెండో ఏడాది నలభై టన్నులతో సరిపెట్టుకుని, ఆ తర్వాత మళ్ళీ భాయ్ దగ్గరే కొంటున్నాం. ఆయన బ్రోకరయ్యాడు, మేం ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికొచ్చాం, టన్నుకి కొంచెం తక్కువ ధరతో.

2025 జూలైలో అక్కడ ఇంకో ఉత్తర్వు వచ్చింది. పదిహేను రకాల వ్యాపారాలు విదేశీయులు చేయకూడదు. సెల్‌ఫోన్ రిపేరు, సెలూన్, మొబైల్‌లో డబ్బు పంపే కౌంటర్లు, చిల్లర కొట్లు, దళారీ పని, క్లియరింగ్ ఏజెన్సీ, పొలం దగ్గర పంట కొనడం కూడా. తప్పితే కోటి షిల్లింగులకు తగ్గని జరిమానా, ఆరు నెలల దాకా జైలు. దార్ ఎస్ సలాంలోని కరియాకో బజారులో కొట్టు పెట్టుకున్న మన గుంటూరు కుర్రాడొకడు ఆ రాత్రి ఫోన్ చేసి ఒకటే తిట్టడం. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. మా ఉద్దానంలో రైతులు విదేశీ పిక్కలు ఆపాలి, బస్తాకి 16 వేలు ఇవ్వాలి అని రోడ్డెక్కినప్పుడు ఆ గుంపులో మా నాన్న కూడా ఉన్నాడు. నేను ఆ పూట ఫ్యాక్టరీ గేటు మూసుకుని లోపల కూర్చున్నాను. అందుకని ఆ కుర్రాడికి ఏం చెప్పాలో తోచలేదు.

మొదటి సరుకు పలాస చేరిన రోజు సంగతి చెప్పనేలేదు. నాన్న ఊరి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. బస్తా మూతి విప్పి, దోసిట్లోకి పిక్కలు తీసుకుని, చెవి దగ్గర ఆడించి, ఒకటి పంటి కింద పెట్టి చూశాడు.

"వాన్లో తడిసినియ్యి" అన్నాడు. నేను నెలన్నర తర్వాత తెలుసుకున్నది ఆయనకి అర నిమిషం పట్టింది. "ఆళ్ళకి బస్తాకెంత పడ్డాదిరా?"

"ఆరు వేలు లోపే నాన్నా. అందులో సంఘం కోతలు పోతాయి."

నాన్న ఏమీ అనలేదు. పిక్కలు మళ్ళీ బస్తాలో పోసేశాడు. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించి మామిడి చెట్టు కింద వేలం సంగతి చెప్పాను, ముసలామె లేవడం, అందరూ చేతులెత్తడం.

"ఒద్దంటే ఒద్దేనా? నువ్వు పట్టుకెళ్ళిపోనేవా?"

"లేదు. ఆ రోజు ఉత్త చేతుల్తో వచ్చేశాను."

"మరేటి సేసినావు?"

"పై వారం పెంచి రాశాను. కిలోకి 120 షిల్లింగులు."

నాన్న వేళ్ళ మీద ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మన డబ్బుల్లో చెప్పమన్నాడు. బస్తాకి మూడు వందల నలభై అన్నాను. బస్తా మూతి తాడుతో బిగించి కడుతూ, "ఆ ముసల్దానికి ఎంత వయసుంటాదిరా?" అని అడిగాడు.